వాగు నీళ్ళకు సాక్ష్యం చెప్పేవాడికి జీతం ఎవరిస్తారు?

కెమిస్ట్రీ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు చాలామంది "ఎన్విరాన్‌మెంటల్ అనలిస్ట్ అంటే ఏం పని, జీతం ఎంత" అని అడుగుతున్నారు. చెప్తా. కానీ ముందు ఆ కొలువు ఎట్లా పుట్టిందో చూడండి.

వాగు చెడిపోయిందని మన పెద్దలు రంగు చూసి, వాసన చూసి చెప్పేస్తారు. కోర్టుకి అది చాలదు, కాగితం కావాలి. ఆ కాగితం రాసే మనిషిని 1974 నీటి కాలుష్య చట్టం తయారుచేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బోర్డు 1976లో వచ్చింది. ఫ్యాక్టరీ వదిలే నీళ్ళను యజమాని ఎదుటే రెండు భాగాలు చేసి, సీలు వేసి, ఇద్దరూ సంతకం పెట్టాలి. బోర్డు అనలిస్ట్ పరీక్ష చేసి రిపోర్టు మూడు ప్రతులు రాస్తాడు: ఒకటి యజమానికి, ఒకటి బోర్డుకి, ఒకటి కోర్టులో చూపించడానికి. యజమాని కోరితే రెండో భాగం ఇంకో ల్యాబుకి పోతుంది, ఆ ఖర్చు అతనే కట్టాలి. రెండు రిపోర్టులు కలవకపోతే ఆ రెండో ల్యాబు మాటే నెగ్గుతుంది.

పని వినడానికి తేలిక. బి.ఓ.డి. అనే పరీక్షనే తీసుకోండి. నీళ్ళలోని మురికిని సూక్ష్మజీవులు తినడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందో 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు ఉంచి కొలుస్తారు. నదులు, వాగుల్లోకి వదిలే నీళ్ళకు లీటరుకు 30 మిల్లీగ్రాములు హద్దు. సీసాను ఐసులో పెట్టకుండా ఎండలో తిప్పితే ఆ జీవులు దారిలోనే మురికి తినేస్తాయి, అంకె తగ్గిపోతుంది. ఘాట్ రోడ్డు మీద జీపు ఆలస్యమైతే చెడ్డ నీళ్ళు కూడా మంచి నీళ్ళయిపోతాయన్నమాట!

1984లో భోపాల్ జరిగింది. 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది, ప్రభుత్వ అనలిస్ట్ అనే పేరు అందులోనూ ఉంది. ఇంతవరకు జీతం సర్కారుదే. 1994, 2006 నోటిఫికేషన్లతో కథ మారింది. గని తవ్వాలన్నా, డ్యామ్ కట్టాలన్నా ముందే ప్రభావ అంచనా రిపోర్టు ఇవ్వాలి. దాన్ని రాసే కన్సల్టెంట్‌కి గుర్తింపు ఉండాలి, నిజమే. కానీ అతనికి డబ్బు కట్టేది ఆ ప్రాజెక్టు వాళ్ళే. అందరూ అమ్ముడుపోతారని నేననను. అయినా ఎవరి నీళ్ళు కొలుస్తున్నాడో వాళ్ళు జీతం ఇవ్వట్లేదు, ఎవరిని కొలుస్తున్నాడో వాళ్ళే ఇస్తున్నారు. పైగా ఆ లెక్కలు మామూలుగా వానాకాలం వదిలేసి ఒక్క సీజన్‌కే తీస్తారు. మన వాగులు పొంగేదేమో వానాకాలంలోనే.

ఇక జీతం. కేంద్ర బోర్డులో సైంటిస్ట్ 'బి'కి ఏడో వేతన సంఘం ప్రకారం మూల వేతనం 56,100తో మొదలు. ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ వాళ్ళూ రాయొచ్చు. సీనియర్ ల్యాబ్ అసిస్టెంట్‌కి 25,500, జూనియర్‌కి 19,900. డి.ఏ. వగైరా వేరే. అఖిల భారత స్థాయి భర్తీలో ఎస్టీలకు 7.5 శాతం, వయసులో ఐదేళ్ళ సడలింపు. ప్రైవేటు ల్యాబుల్లో ఇట్లాంటి స్కేలు లేదు, బేరమే.

ఉద్యోగం రానివాళ్ళకి కూడా పని ఉంది. ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, రిపోర్టు సారాంశం తెలుగులో ఉండాలి. అది తెచ్చి నీళ్ళ పట్టిక తీయండి. శాంపిల్ మన ఊళ్ళో ఏ రేవులో తీశారు, ఏ తారీకున, ఏ ల్యాబుకి పోయింది, సంతకం ఎవరిది? సభలో మైకు దొరకగానే ఈ నాలుగే అడగండి, జవాబు మినిట్స్‌లో రాయమనండి.