లక్కా ఏది? ముఖీ ఏది?

గన్‌ఫౌండ్రీ అనగానే 1795లో ఫ్రెంచి సేనాని రేమండ్ నెలకొల్పిన ఫిరంగుల కార్ఖానా చాలామందికి గుర్తుకు వస్తుంది. నాకు మాత్రం అక్కడి మా డాబా మీది పావురాల గూళ్లే కళ్లముందు కదులుతాయి.

1960లలో మా అన్నయ్య ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బిచ్చి, లక్కా జత తెమ్మని నన్ను పంపాడు. అమ్మినవాడు తోకలేని జతను చూపి, "ఈకలు రాల్చాయి బాబూ, నెలలో వస్తాయి" అన్నాడు. పిట్టలు మెడ వణికిస్తున్నాయి గదా అని నమ్మాను.

తోకలు వచ్చాయి. లెక్కపెడితే పన్నెండే ఈకలు! మామూలు పావురానికి ఉండేవి అన్నే. లక్కాకు ముప్పై, నలభై దాకా ఉండి విసనకర్రలా విప్పుకుంటాయి. మెడ వణకడం ముఖీకీ ఉంది. నడినెత్తి తెలుపు, ఒళ్లు నలుపో నీలమో, రెక్కల అంచున రెండు మూడు తెల్ల ఈకలు ముఖీ గుర్తులు. అవన్నీ మొదటిరోజే నా కళ్లెదుట ఉన్నాయి, నేనే చూడలేదు.

1859లో డార్విన్ తన గ్రంథంలో, ఇన్ని రకాల పెంపుడు పావురాలూ ఒకే కొండపావురం సంతతి అని వాదించాడు. ఆయనకు మన దేశపు పావురాల చర్మాలు పంపినది మద్రాసు ప్రభుత్వ ఉద్యోగి వాల్టర్ ఇలియట్. 1845లో అమరావతి శిల్పాలను తవ్వించిందీ ఆయనే.

అన్నయ్య నన్ను కోప్పడలేదు. "మోసం మనిషిది, పిట్టలదేముందిరా" అని ఆ ముఖీలనే సాకాడు. తరువాత గుమాస్తాగా ఏ కాగితం చేతికొచ్చినా, ఒక్క గుర్తు చూసి నమ్మకుండా రెండోది కూడా వెతికేవాణ్ణి. అన్నయ్య ఇప్పుడు లేడు. ఆ అలవాటు మాత్రం మిగిలింది.