సేనలను మరల్చిన తీర్మానము

పరదేశమునకు సేనలఁ బంపుట సులభము. మరలఁ బిలుచుట దుష్కరము. పిమ్మట మన దేశమునకు గవర్నరు జనరలుగా వచ్చిన కార్నువాలిసు 1781 అక్టోబరులో యార్కుటౌనునందు అమెరికా, ఫ్రెంచి సేనలకు లొంగిపోయెను. అయినను మూడవ జార్జి రాజు యుద్ధము మానుటకు సమ్మతింపలేదు. అమెరికాను విడిచినచో బ్రిటను ఔన్నత్యమే అడుగంటునని ఆతని భయము. ఐరోపా శత్రువుల నెదుర్కొను బలమును ఆ యుద్ధమే హరించుచున్నదని సేనాని కాన్వే పార్లమెంటులో వాదించెను. 1782 ఫిబ్రవరి 22న ఆతని తీర్మానము ఒక్క వోటుతో వీఁగిపోయెను. ఆతఁడు వెనుదీయక 27న మరలఁ బ్రవేశపెట్టెను: అనుకూలురు 234, ప్రతికూలురు 215. మార్చి 20న ప్రధానమంత్రి నార్తు ప్రభువు పదవి వీడెను. కడపటి సేనలు న్యూయార్కు విడుచుసరికి 1783 నవంబరు వచ్చెను. యుద్ధమునకు ధనమొసఁగు సభకు దానిని మాన్పు శక్తియుఁ గలదు. అందుకు, ఓడియు మరల లేచి సత్యము పలుకు సభ్యుఁడొకఁడు ఉండవలయును.