గుండ్లకమ్మ రేవులో ఆ రోజు

జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలులో ప్రార్థన కొండ ఎక్కుతుంటే ముందుగా చెప్పుల చప్పుడు వినపడుతుంది. అర్ధరాత్రి దాకా వాచ్‌నైట్ ఆరాధనలో కూర్చున్నవాళ్లే మళ్లీ నాలుగింటికి లేచి వచ్చారు. చెవులకు మఫ్లర్లు చుట్టుకున్న పెద్దలు, నిద్రమత్తులో తండ్రుల భుజాల మీద వాలిన పిల్లలు. నా పక్కన నడుస్తున్న ఒక పెద్దామె ఆయాసం తీర్చుకోడానికి ఆగి, "మా నాయనమ్మ వాళ్ల నాయన కాలవ తవ్వాడు నాయనా. మేం దేవుణ్ణి నమ్ముకుంది అప్పుడేనంట" అంది.

ఆమె చెప్పిన కాలవ బకింగ్‌హాం కాలువ. ఆ రోజులు ధాత కరువు రోజులు. ఆ కరువు మొదలైన 1876కు 2026తో 150 ఏళ్లు.

తెలుగునాట క్రైస్తవం అంతకు చాలా ముందే అడుగుపెట్టింది. 18వ శతాబ్దం మొదట్లో పుంగనూరు వైపు జెసూట్ పాదిరులు కనిపిస్తారు. మద్రాసులో బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చుకుని బైబిలు అనువాదానికి పూనుకున్నాడు. 1805లో లండన్ మిషన్‌వాళ్లు విశాఖపట్నంలో దిగారు. 1836లో వచ్చిన అమెరికన్ బాప్టిస్టు శామ్యూల్ డే నాలుగేళ్లకు నెల్లూరు చేరాడు. ఏళ్లు గడిచినా సంఘం పెరగలేదు. 1853లో ఈ మిషన్‌ను ఎత్తేద్దామా అని అమెరికాలో చర్చ జరిగింది. పటంలో ఒంటరి చుక్కలా ఉన్న దీన్ని వదలొద్దంటూ శామ్యూల్ స్మిత్ అనే పాదిరి ఒక కవిత రాశాడు. మిషన్ నిలిచింది. 1854 జనవరి 1న లైమన్ జూవెట్, ఆయన భార్య, జూలియా అనే తెలుగు విశ్వాసి, మరో ఇద్దరు ఈ కొండెక్కి ఒంగోలుకు ఒక మనిషిని పంపమని ప్రార్థించారు. ఆ మనిషి రావడానికి పన్నెండేళ్లు పట్టింది.

వచ్చినవాడు జాన్ క్లౌ. అమెరికాలో సర్వేయరుగా గొలుసు పట్టి నేల కొలిచినవాడు. అయితే క్లౌ ఒంగోలులో కాపురం పెట్టకముందే, 1866లోనే, ఎర్రగుంట్ల పేరయ్య జూవెట్ చేతుల మీదుగా బాప్తిస్మం తీసుకున్నాడు. తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ల వ్యాపారి. యోగుల బోధలు విని, గురువుల వెంట తిరిగి, సత్యం కోసం ఊళ్లు పట్టుకు నడిచినవాడు. ఏలూరులో ఒక మిషనరీ మాట విని, ఒంగోలు దారి పట్టాడు. 1867 జనవరిలో క్లౌ వాళ్ల ఊరి దగ్గరి చింతతోపులో గుడారం వేసేసరికి పేరయ్య జనాన్ని పోగుచేసి ఉంచాడు. అక్కడ 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. చెప్పులు కుట్టేచోట, మోట బావికి తోలు బాన కుట్టేచోట మాటలు పాకాయి. ఆ మాటల చరిత్రను క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో పుస్తకంగా తెచ్చింది. పుస్తకం పేరులోనే చెప్పులు కుట్టడం ఉంది.

చేరినవాళ్లకు క్లౌ పెట్టిన కట్టడలు మూడే: ఆదివారం పనిచేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి చిన్నవే. కానీ జాతరలో డప్పు కొట్టనన్నవాడిని, ఆదివారం పొలానికి రానన్నవాడిని ఊరు వదిలిపెట్టేదా? చాలాచోట్ల నీళ్లకూ కూలికీ కట్టడి పెట్టారు. మన దేశంలో వారానికొక రోజు సెలవు కోసం నిలబడిన తొలి కూలీల్లో వీళ్లను లెక్కపెట్టాలని నేను ఎప్పుడూ అనుకుంటాను.

1876లో వానలు ఎగ్గొట్టాయి. ఆకలికి జనం ఊళ్లొదిలి రోడ్లెక్కారు. మద్రాసు ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువను బెజవాడ వైపు తవ్విస్తోంది. క్లౌ తన సర్వే చదువును గుర్తుచేసుకుని మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర మకాం. బోధకులే మేస్త్రీలయ్యారు. తోలు కోసిన చేతులకు పలుగు, పార అలవాటు లేదు. అరచేతులు బొబ్బలెక్కి చీరుకుపోయేవి. కలరా వచ్చింది. పొద్దున తట్ట మోసినవాడిని రాత్రికి పూడ్చిపెట్టిన రోజులున్నాయి. పని ఆపిన వేళ బోధకులు కూలీల మధ్య కూర్చుని, భారం మోసేవారలారా రండి అని పిలిచిన ప్రభువు గురించి చెప్పేవాళ్లు. తల మీద తట్ట మోసి దించినవాళ్లకు ఆ పిలుపు ఎలా వినపడి ఉంటుందో!

బాప్తిస్మం ఇవ్వమని జనం ఎగబడ్డారు. క్లౌ ఇవ్వలేదు. కూటి కోసం మతం మారారన్న మాట వాళ్ల నెత్తిన పడకూడదని పదిహేను నెలలు తలుపు మూసి ఉంచాడు. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఈ పదిహేను నెలలే.

1878 మధ్యకు కరువు సాయం ఆగిపోయింది. ఇక డబ్బు పంచడం లేదని చెప్పినా జనం కదల్లేదు. తమకు డబ్బు వద్దని, కష్టపడి బతుకుతామని, బాప్తిస్మం మాత్రం కావాలని పట్టుబట్టారు. ఊళ్లో అంటురోగం ఉన్నందున అందరినీ ఒంగోలుకు ఉత్తరాన పది మైళ్ల దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి రమ్మన్నారు. జులై 2న 614 మంది. జులై 3న 2,222 మంది. మర్నాడు మరో 700. ఆ మధ్య రోజును కళ్లకు కట్టుకోండి. ఒడ్డున పేర్ల పట్టీ చదువుతున్నారు. నడుంలోతు నీళ్లలో ఒకేసారి ఇద్దరు బోధకులు. వాళ్లు అలిసిపోతే మరో ఇద్దరు. మొత్తం ఆరుగురు. పొద్దున మొదలుపెట్టి, మిట్టమధ్యాహ్నం కాస్త ఆగి, సాయంత్రం దాకా. క్లౌ ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. మిషన్ చరిత్రల్లో ఆ రోజు క్లౌ పేరిట ఉంది. ఆ రోజు ఆ ఆరుగురిది, పట్టీలో పేరున్న ప్రతి ఒక్కరిది. ఆ ఏడాది చివరికి కొత్తగా చేరినవాళ్లు 9,606.

తర్వాతి కథ ఇంత వరసగా సాగదు. బళ్లు వచ్చాయి, ఆస్పత్రులు వచ్చాయి. పల్లె పిల్లలు టీచర్లయ్యారు, నర్సులయ్యారు. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదంది. 1956లో సిక్కులకూ 1990లో బౌద్ధులకూ ఇచ్చారు గానీ వీళ్లకు ఇవ్వలేదు. ఆంధ్రలో వీళ్లు బీసీ-సి. 2023 మార్చిలో హోదా ఇమ్మని రాష్ట్ర శాసనసభ తీర్మానించి కేంద్రానికి పంపింది. ఈలోగా ఎన్నో ఇళ్లలో బడి రికార్డులో ఒక పేరు, గుడిలో ఒక పేరు. పేరు పెట్టి పిలిచి నీళ్లలో దించిన సంఘంలో ఇది చాలా పెద్ద గాయం.

1962లో తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం ఏర్పడి పెత్తనం మనవాళ్ల చేతికొచ్చింది. దొరలు వెళ్లిపోయారు. కొన్నిచోట్ల మిషన్ ఆస్పత్రులు మూతబడ్డాయి, స్థలాల కోసం కోర్టులకెక్కారు. మరోవైపు వీధికొక స్వతంత్ర సంఘం, టీవీలో ప్రసంగాలు, యూట్యూబ్‌లో ఉపవాస కూడికలు. కువైట్‌లో పనికి వెళ్లిన ఆడవాళ్లు సెలవు దొరికిన శుక్రవారం తెలుగులో ఆరాధించుకుంటారు. తీరంలో రొయ్యల ఫ్యాక్టరీలకు వెళ్లే ఆడపిల్లలకు ఆదివారం కూడా షిఫ్టే. నేను చూసిన ఒక పల్లెలో అయ్యగారు వాళ్ల కోసం శనివారం రాత్రి పదింటికి కూడిక పెడతారు. ఆరేడుగురు వస్తారు, యూనిఫాం మీదే. ఆయన క్లుప్తంగా ముగించి, టార్చి పట్టుకుని ఒక్కొక్కరినీ ఇంటిదాకా దిగబెడతారు. సువార్త పని అంటే నాకు ఆ టార్చి వెలుగే గుర్తొస్తుంది.

కొండ మీద తెల్లవారింది. పెద్దామె చెప్పులు విడిచి మోకరించి చాలాసేపు ఉండిపోయింది. లేచాక ఫోను మోగింది. డల్లాస్ నుంచి మనవడు. వీడియోలో ఊరు చూపించమన్నాడు. ఆమె రెండు చేతులా ఫోను పట్టుకుని పొద్దు పొడిచే దిక్కుకు తిప్పింది.

"అదిగో, ఆ ఎర్రగా ఉంది చూడు, అటు పక్కే రా మన కాలవ."