కనబడని ముప్పావు గిగాబైటు

2007, 2008 ప్రాంతమున కంప్యూటరులో నాలుగు గిగాబైట్ల మెమరీ వేయించుకొన్న పలువురికి తెరపై సుమారు మూడుంపావు మాత్రమే కనబడెడిది. దుకాణదారుడు మోసగించెనని అనుమానించుట సహజమే. పాపము, అతని తప్పేమియు లేదు! దీని మూలము తెలియవలెనన్న 1981 నాటికి పోవలెను.

మెమరీ అనగా వరుసగా పేర్చిన గదుల వంటిది. గదికొక బైటు, గదికొక సంఖ్య. ప్రాసెసరు ఆ సంఖ్యను తీగెలపై పంపి గదిని పిలుచును. ఒక్కొక్క తీగెపై సున్నయో ఒకటియో పోవును. దీనినే బిట్ అందురు. కావున తీగె ఒకటి పెరిగినపుడెల్ల గదులు రెట్టింపగును. 1981 ఆగస్టులో వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటరులోని ఇంటెల్ 8088కు ఇట్టి తీగెలు ఇరువది. అనగా 10,48,576 గదులు; ఒక మెగాబైటు. అయితే ఈ సంఖ్యలన్నియు మెమరీకే దక్కలేదు. తెరపై బొమ్మను నిలుపు భాగమునకును, యంత్రమును మేల్కొలుపు శాశ్వతాదేశములకును సంఖ్యలు కావలెను గదా! వానికై పైనున్న 384 కిలోబైట్ల మేర ఉంచి, తక్కిన 640 మాత్రమే డాస్ అను ఆపరేటింగ్ సిస్టమునకును, దాని ప్రోగ్రాములకును విడిచిరి. 16 కిలోబైట్లతో కూడ యంత్రము అమ్మిన రోజులవి. 640 అనిన సముద్రమే. పదేండ్లు తిరుగకముందే అది కుంటయైనది.

1985 నాటి ఇంటెల్ 80386తో చిరునామా 32 బిట్లకు పెరిగినది: 4,29,49,67,296 గదులు, అనగా నాలుగు గిగాబైట్లు. కాని పాత కథయే మరల నడచినది. వీడియో కార్డు మొదలగు పరికరములు ఆ వరుస పైకొసను ఆక్రమించినవి. 32 బిట్ల విండోస్ ఎక్స్‌పీ, విస్టాలు ఆ కొసను దాటి చూడవు. గదులు పెట్టెలోనే ఉన్నవి, పిలుచుటకు సంఖ్య లేదు.

ఆశ్చర్యమేమనగా, 1995 నాటి పెంటియం ప్రోతోనే 36 బిట్ల చిరునామా, అనగా 64 గిగాబైట్ల అవకాశము, వచ్చినది. సర్వర్లకై అమ్మిన కొన్ని విండోసులు దానిని వాడుకొన్నవి. ఇండ్లకు అమ్మిన వానిలో మాత్రము మైక్రోసాఫ్ట్ నాలుగు వద్దనే హద్దు నిలిపినది. అంత పొడవు చిరునామా ఎరుగని డ్రైవర్లు యంత్రమును కూల్చునని కారణము.

2003లో ఎ.ఎం.డి. సంస్థ 64 బిట్ల ప్రాసెసరును ఇండ్లకు తెచ్చినది. ఇక సంఖ్యలకు కరవు తీరినది. అయినను 2009 నాటి 64 బిట్ల విండోస్ 7లో హోమ్ బేసిక్‌కు 8, హోమ్ ప్రీమియంకు 16, ప్రొఫెషనల్‌కు 192 గిగాబైట్లు హద్దు. యంత్రము అదే, చెల్లించు వెల వేరు! ఈ గీతను తీగెలు గీయలేదు, వర్తకము గీచినది. 2021లో వచ్చిన విండోస్ 11కు 32 బిట్ల రూపమే లేదు. దాని హోమ్ తరగతి 128 గిగాబైట్ల వరకు గుర్తించును.