ఆర్కెస్ట్రా (తెలుగునాట)

కొడంగల్, తాండూరు వైపు ‘ఆర్కెస్ట్రా పెట్టించినం’ అంటే సింఫనీ అని అర్థం కాదు. కీబోర్డు, రిథమ్ ప్యాడ్, ఇద్దరు ముగ్గురు గాయకులతో పెళ్లిలోనో గణేశ్ మండపం ముందో సినిమా పాటలు వినిపించే బృందమని అర్థం. క్లారినెట్, ట్రంపెట్, డ్రమ్ములతో బరాత్ ముందు నడిచేది బ్యాండు. దాన్ని ఎవరూ ఆర్కెస్ట్రా అనరు. అసలు గ్రీకులో ఈ మాటకు వాద్యంతో సంబంధమే లేదు. నాటకశాలలో బృందగాయకులు ఆడిపాడే చోటుకు అది పేరు.

పాశ్చాత్య సింఫనీ ఆర్కెస్ట్రాలో సాధారణంగా 70 నుంచి 100 మంది దాకా ఉంటారు. ఓబో ఇచ్చే ఒక్క స్వరానికి అందరూ శ్రుతి కలుపుకొని, రాసిన స్వరపత్రం చూసి వాయిస్తారు. మన దేశంలో ఈ సంప్రదాయం ప్రధానంగా బొంబాయిది: అక్కడ మెహ్లీ మెహతా 1935లో బాంబే సింఫనీని స్థాపించారు, 2006లో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా వచ్చింది. తెలుగు ప్రాంతాల్లో అలాంటి సంస్థ వేళ్లూనలేదు. తెలుగువారి వాద్యసమ్మేళన కృషి రేడియోలోనూ సినిమాలోనూ సాగింది.

ఢిల్లీ ఆకాశవాణి వాద్యవృందం 1952లో ఏర్పడిందని సాధారణంగా రాస్తారు. దాన్ని తీర్చిదిద్దిన రవిశంకర్ 1949 నుంచే అక్కడ ఉన్నారు కాబట్టి తొలి ప్రయత్నాలను కలుపుకొంటే మొదలు కొంత వెనక్కి పోవచ్చు. కర్ణాటక సంగీతం పక్షాన టి.కె. జయరామయ్యర్ తోడయ్యారు. ఆ తర్వాతి కాలంలో దాని బాధ్యత చేపట్టినవారిలో ద్రాక్షారామంలో పుట్టిన వైణికుడు ఈమని శంకరశాస్త్రి (1922–1987) ఒకరు. ఆయన కూర్చిన ‘ఆదర్శ శిఖరారోహణం’ ఎవరెస్టు ఆరోహణ ఇతివృత్తంగా సాగుతుంది. మన సంగీతాన్ని ఇలా వృందానికి కూర్చడంలో చిక్కు గమకంతోనే, అంటే స్వరాన్ని ఊపి పలికించడంతోనే. వీణ మీద ఒక్కరు తీగ లాగితే గాంధారం ఊగుతుంది. అదే ఊపును ఇరవై మంది వయొలిన్ల మీద ఒకేసారి తెప్పించబోతే చెదిరిపోతుంది. అందుకే వృందానికి రాసేటప్పుడు సాదా స్వరాలను గుంపుకు ఇచ్చి, గమకాన్ని ఏకవాద్యానికి వదలడం ఒక మార్గం.

శంకరశాస్త్రి ఆ వృందం బాధ్యత చేపట్టకముందు మద్రాసు జెమినీ స్టూడియోలో సాలూరి రాజేశ్వరరావు దగ్గర పనిచేశారు. ‘చంద్రలేఖ’ (1948) సంగీతంలో ప్రధాన పాత్ర రాజేశ్వరరావుదే. ‘మల్లీశ్వరి’ (1951) సంగీతంలో అద్దేపల్లి రామారావు వంతు ఎంతన్నదానిపై అభిప్రాయాలు వేరువేరుగా ఉన్నాయి. వరుసలు రాజేశ్వరరావువి, వాద్యాల కూర్పు ఎక్కువగా రామారావుది అన్నదే సబబుగా తోస్తుంది. ఆ రోజుల్లో గాయకులూ వాద్యకారులూ ఒకే థియేటర్లో కలిసి రికార్డు చేసేవారు. చివరి చరణంలో ఒక్క వయొలిన్ తప్పినా పాట మళ్లీ పల్లవి నుంచి మొదలయ్యేది. స్టాఫ్ నొటేషన్ చదివే ఆంగ్లో ఇండియన్, గోవా వాద్యకారుల పక్కనే సరిగమలు రాసుకున్న వైణికులు కూర్చునేవారు. ట్రాకులు విడివిడిగా ఎక్కించే పద్ధతి, ఆపైన సింథసైజరు వచ్చాక ఆ గుంపు పలచబడింది. ఊళ్లలోని కీబోర్డు ఆర్కెస్ట్రా కూడా ఆ సింథసైజరు చలవే.

అయినా తెలుగు సినిమా సంగీతం పాశ్చాత్య ఆర్కెస్ట్రా దాకా వెళ్లిన సందర్భమూ ఉంది: 2019 అక్టోబరు 19న లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో ‘బాహుబలి: ది బిగినింగ్’ తెరపై నడుస్తుండగా, కీరవాణి నేపథ్య సంగీతాన్ని రాయల్ ఫిల్హార్మానిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా ప్రత్యక్షంగా వాయించింది.