నల్లటి తెర మీద యుద్ధాలు

అంతరిక్షం కంప్యూటర్ ఆటలకు మొదటి నుంచీ అచ్చొచ్చిన చోటు. 1962లో అమెరికాలోని ఎంఐటీలో స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు పీడీపీ-1 యంత్రం మీద తయారుచేసిన ‘స్పేస్‌వార్’లో రెండు నౌకలు ఒక నక్షత్రం చుట్టూ తిరుగుతూ కాల్చుకునేవి. నేల, చెట్లు, ఇళ్లు గీయాల్సిన పని లేదు. వెనక నల్లటి తెర, దాని మీద నాలుగు చుక్కలు ఉంటే సరిపోయేది. శక్తి చాలని యంత్రాలకు అంతకన్నా కలిసొచ్చేది ఏముంటుంది? తర్వాత డగ్ న్యూబాయర్ అటారీ కంప్యూటర్ల కోసం రాసిన ‘స్టార్ రైడర్స్’ ఆటగాణ్ణి నౌక లోపల కూర్చోబెట్టి, ఎదురుగా వచ్చే శత్రువును కిటికీలోంచి చూపించింది. స్పేస్ కాంబాట్ సిమ్ అనే ఆటల తరహాకు రూపురేఖలు అక్కడే ఏర్పడ్డాయి.

1984లో కేంబ్రిడ్జ్ విద్యార్థులు డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ బీబీసీ మైక్రో కోసం ‘ఎలీట్’ విడుదల చేశారు. ఆ కంప్యూటర్ మెమరీ 32 కిలోబైట్లు. అందులోనే 8 గెలాక్సీలు, ఒక్కొక్క దానిలో 256 నక్షత్ర మండలాలు ఇమిడ్చారు. గ్రహాల పేర్లు, వాటి వివరాలు ముందే దాచిపెట్టకుండా, అవసరమైనప్పుడల్లా ఒక గణిత సూత్రంతో పుట్టించడం వల్ల ఇది సాధ్యమైంది. నౌకలు మాత్రం గీతలతో గీసిన డొల్ల బొమ్మలే.

ఈ ఆటలకు అసలైన వైభవం 1990లో మొదలైంది. ఆ ఏడాది టెక్సస్‌లోని ఆరిజిన్ సిస్టమ్స్ సంస్థలో క్రిస్ రాబర్ట్స్ ‘వింగ్ కమాండర్’ తెచ్చాడు. పులుల్ని పోలిన కిల్రాతీ జాతితో మనుషుల యుద్ధం ఇందులో కథ. ఆటగాడు ఓడినా కథ ఆగదు, మరో దారి పడుతుంది. తోడుగా ఎగిరిన పైలట్ చనిపోతే అంత్యక్రియల దృశ్యం వస్తుంది, ఆ తర్వాత అతను ఇక కనిపించడు. విడుదల హడావుడిలో జరిగిన ఒక ముచ్చట ప్రోగ్రామర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆట మూసేటప్పుడు మెమరీ మేనేజర్ ఒక ఎర్రర్ చూపేది. కారణం వెతికే వ్యవధి లేక, ఆ ఎర్రర్ సందేశాన్నే ‘ఆడినందుకు ధన్యవాదాలు’ అనే అర్థం వచ్చేలా మార్చేసి పంపించారు.

1993లో లూకాస్‌ఆర్ట్స్ తరఫున ‘ఎక్స్-వింగ్’, మరుసటి ఏడాది ‘టై ఫైటర్’ వచ్చాయి. వీటి రూపకర్త లారెన్స్ హాలండ్ అంతకు ముందు రెండో ప్రపంచయుద్ధ విమానాల సిమ్యులేటర్లు చేసినవాడు. అందుకే ఈ ఆటల్లోని నౌకలు గాలిలేని చోట కూడా విమానాల్లాగే మలుపు తిరుగుతాయి. భౌతికశాస్త్రం ఒప్పుకోకపోయినా ఆటకు అదే మేలైంది. 1993లోనే ‘ఎలీట్’ రెండో భాగం న్యూటన్ సూత్రాలను నిక్కచ్చిగా పాటిస్తే, నౌకను ఆపడమే గగనమైందని చాలామంది విసుక్కున్నారు. ‘ఎక్స్-వింగ్’లో చిక్కంతా శక్తి పంపకంలో ఉండేది. ఎఫ్9 నొక్కితే లేజర్లు, ఎఫ్10 నొక్కితే షీల్డులు త్వరగా నిండుతాయి, ఆ మేరకు నౌక వేగం తగ్గుతుంది. వెనక నుంచి దెబ్బలు తగులుతుంటే షీల్డును అటు మళ్లించుకోవాలి. ‘టై ఫైటర్’లో ఆటగాడు కథలోని దుష్ట సామ్రాజ్యం పక్షాన పోరాడతాడు, అతనికిచ్చే మామూలు నౌకకు షీల్డు ఉండనే ఉండదు.

సీడీలు రాగానే ఆరిజిన్ సినిమా బాట పట్టింది. 1994 నాటి ‘వింగ్ కమాండర్ 3’లో మార్క్ హామిల్, మాల్కమ్ మెక్‌డవెల్ నటించారు. 1996 నాటి నాలుగో భాగానికి దాదాపు 1.2 కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. ఆ రోజుల్లో ఒక ఆటకు అది విపరీతమైన మొత్తం. ఖర్చు పెరిగిన వేగంతో ఆడేవాళ్లు పెరగలేదు.

పతనానికి డబ్బొక్కటే కారణం కాదు. త్రీడీ కార్డులు వచ్చాక గదులు, వీధులు, కొండలు గీయడం కంప్యూటర్‌కు కష్టం కాకుండా పోయింది. ‘క్వేక్’, ‘హాఫ్-లైఫ్’ లాంటి ఆటలకు మౌస్, కీబోర్డు చాలు. స్పేస్ సిమ్‌లకేమో జాయ్‌స్టిక్ కావాలి, డజన్ల కొద్దీ కీలు గుర్తుపెట్టుకోవాలి. ఇంటింటా చేరుతున్న కన్సోళ్ల గేమ్‌ప్యాడ్‌కు అన్ని మీటలు లేవు. జాయ్‌స్టిక్ కొనేవాళ్లు తగ్గితే దానితో ఆడే ఆటలు తగ్గాయి, ఆటలు తగ్గేకొద్దీ జాయ్‌స్టిక్ ఇంకా మూలపడింది.

విచిత్రమేమంటే, చాలామంది దృష్టిలో ఈ తరహాలోకెల్లా మేటి ఆట ఆ పడిపోతున్న కాలంలోనే వచ్చింది. 1999లో వోలిషన్ సంస్థ చేసిన ‘ఫ్రీస్పేస్ 2’లో కిలోమీటర్ల పొడవైన యుద్ధనౌకలు ఒకదాన్నొకటి కాంతిపుంజాలతో కోసుకుంటుంటే, ఆటగాడి చిన్న నౌక మధ్యలో దూరుతూ తప్పుకుంటూ సాగాలి. విమర్శకులు ఆకాశానికెత్తారు, అమ్మకాలు మాత్రం నిరాశపరిచాయి. 2002లో సంస్థ సోర్స్ కోడ్ బయటపెట్టడంతో అభిమానులే దాన్ని మెరుగుపరుస్తూ వచ్చారు. 2003లో ‘ఫ్రీలాన్సర్’ జాయ్‌స్టిక్‌ను పక్కనపెట్టి మౌస్‌తో ఎగరనిచ్చింది. ఆ తర్వాత దాదాపు పదేళ్లు పెద్ద సంస్థలు ఇటు తిరిగి చూడలేదు. 2004లో ఆరిజిన్ మూతపడింది.

మళ్లీ కదలిక తెచ్చింది పాతవాళ్లే. 2012లో బ్రేబెన్, రాబర్ట్స్ ఇద్దరూ ప్రచురణ సంస్థల్ని కాదని నేరుగా ఆటగాళ్ల నుంచే చందాలు అడిగారు. బ్రేబెన్ ‘ఎలీట్: డేంజరస్’ 2014 డిసెంబరులో విడుదలైంది. రాబర్ట్స్ ‘స్టార్ సిటిజన్’కు 2022 నాటికి 50 కోట్ల డాలర్లకు పైగా చేరాయి. తయారీ దశలోని రూపాన్ని జనం ఆడుతూనే ఉన్నారు గానీ, 2024 ముగిసేనాటికీ పూర్తి ఆట విడుదల కాలేదు.