పరాసువారి బజారులో మన అద్దకపు బట్ట

కాశికి పోయినవారు గంగచెంబును కాశీదారమును, రామేశ్వరమునకు పోయినవారు శంఖమును గవ్వలను తెచ్చి ఇరుగుపొరుగులకు పంచుట మన ఇండ్లలో పాతకాలపు మర్యాద. దూరప్రయాణమొనర్చి వట్టిచేతులతో గడప త్రొక్కరాదని పెద్దల మాట. ఇప్పుడు యాత్రాస్థలములు మారినవి. హోసూరు కర్మాగారములలోను బెంగళూరు కార్యాలయములలోను పనిచేయు మన పిల్లలు ఉద్యోగకార్యమై ఐరోపాకు పోవుచున్నారు. పోయినవారు నాలుగు దినములు సెలవు కలిపికొని ప్యారిస్ నగరమును చూచి వచ్చుచున్నారు. సామల్పట్టి వంటి చిన్న ఊరిలో సైతము ఇది అపురూపమైన సంగతి కాదు. వచ్చునప్పుడు ఏమి తేవలెనను ప్రశ్న మాత్రము కాశియాత్రలో వలెనే అచ్చటను తప్పదు.

సామాన్యముగా తెచ్చునవి నాలుగైదు వస్తువులే. ఈఫెల్ గోపురపు ఇనుప బొమ్మ, అత్తరు బుడ్డి, పట్టుతో నేసిన చదరపు రుమాలు, చేతిలో డబ్బు మిగిలినచో పేరుమోసిన కంపెనీ తోలుసంచి. ఆ కంపెనీల పుట్టుక తెలిసికొనిన వేడుకగానే యుండును. ఎర్మెస్ అను సంస్థ 1837లో గుర్రపు జీనుల దుకాణముగా ఆరంభమైనది; దాని ప్రసిద్ధమైన పట్టు రుమాలు వచ్చినది సరిగా నూరేండ్లకు, 1937లో. లూయీ వ్యుతాఁ 1854లో ప్రయాణపు పెట్టెలు చేయు దుకాణము పెట్టెను. వీనిని కొనువారిని నేను తప్పు పట్టను. ఎవరి సొమ్ము వారిది. కాని ఆ దేశపు దుకాణములలోనే, ఈ తళుకులకు కొంచెము దూరముగా, ఒక గుడ్డ దొరకును. దాని చరిత్రలో సగము మనది. ఆ సంగతి మన పిల్లలకు చెప్పువారు లేరు, అమ్ము దుకాణదారు చెప్పడు. అందుచేత ఈ నాలుగు పుటలు వ్రాయుచున్నాను.

మన పూర్వులు ఫ్రెంచివారిని పరాసువారనిరి. మనము వారి నగరమునకు వస్తువులు కొనుటకు పోవుట నిన్న మొన్నటి మాట. వారు మన దేశమునకు కొనుటకు వచ్చుట మూడువందల యేబదియేండ్లకు పైబడిన మాట. వచ్చినవారిలో మిక్కిలి పేరుగన్నవాడు జాఁ బాప్టిస్ట్ తవెర్నియే. 1605లో ప్యారిస్‌లో పుట్టినవాడు, రత్నముల వ్యాపారి. 1631 మొదలు 1668 వఱకు ఆరు పర్యాయములు తూర్పుదేశములకు ప్రయాణము చేసెను. కృష్ణాతీరమున కొల్లూరు వజ్రపు గనిలో అఱువది వేలమంది పనిచేయుచుండిరని వ్రాసినాడు. వజ్రవర్తకుల పిల్లలు పది పదునాఱేండ్లవారు ప్రొద్దుననే చెట్టుక్రింద గుమిగూడి, నడుమున తూనికరాళ్ల సంచి కట్టుకొని, వచ్చిన రాయిని పరీక్షించి బేరమాడుదురని కూడ అతడు వర్ణించెను. ఈ వర్ణనము నాకు గని లెక్కలకంటె ఎక్కువ ఇష్టము. పిల్లలకు వ్యాపారమును బడిలో గాక చెట్టుక్రింద నేర్పిన కాలమది.

తవెర్నియే కొనిపోయిన నీలివజ్రమును పదునాలుగవ లూయీ రాజు కొని 1673లో కొత్తగా చెక్కించెను. విప్లవకాలమున, 1792లో, అది దొంగిలింపబడెను. నేడు అమెరికాలో హోప్ వజ్రమని చూపునది దానిలోనిదేనని శాస్త్రజ్ఞులు తేల్చిరి. మఱియొకటి, రీజెంటు వజ్రము. చెన్నపట్నపు ఇంగ్లీషు గవర్నరు థామస్ పిట్ దానిని 48,000 వరహాలకు కొని, ఇంగ్లండులో చెక్కించి, 1717లో ఫ్రాన్సు రాజ్యపాలకునకు అమ్మెను. 1887లో రాజాభరణములను వేలము వేసినప్పుడు దీనిని మాత్రము అమ్మక లూవ్రు సంగ్రహాలయమునకు ఇచ్చిరి. 2025 అక్టోబరులో అచ్చట పట్టపగలు నగల దొంగతనము జరిగినప్పుడు కూడ ఈ రాయి దొంగలపాలు కాలేదు. కొల్లూరు గని యుండిన చోటు ఇప్పుడు పులిచింతల జలాశయపు నీటిక్రింద నున్నది.

వజ్రము రాజులు కొనునది. బట్ట యట్లు కాదు. ఫ్రాన్సు దేశపు ప్రజల యిండ్లలోనికి మనవారి చేతిపని నిజముగా చొరబడినది బట్ట ద్వారముననే.

ఫ్రెంచి కంపెనీ 1664లో ఏర్పడెను. 1669లో గోలకొండ సుల్తాను ఫర్మానాతో మచిలీబందరున కొఠీ పెట్టిరి. పుదుచ్చేరికంటె అయిదేండ్లు ముందు. బందరులో నేటికిని ఫ్రెంచిపేట యను వీధి కలదు. వారు అచ్చట వెదకినది అద్దకపు బట్ట, కలముతో వ్రాసిన బట్ట. దానిని వారు ‘ఆఁదియెన్’ అనిరి, హిందూదేశపుదని అర్థము. సన్నని నూలుబట్టకు ‘మసులీపటాఁ’ అని మన రేవుపట్టణము పేరే పెట్టిరి. ఆ మాట వారి నిఘంటువుల కెక్కినది. పెద్దచెట్టు, దాని కొమ్మలయందు ఎన్నడును ఒకచెట్టున పూయని పలురకముల పువ్వులు గల పడకదుప్పటులు వారికి ప్రాణము. మోలియేరు అను నాటకకర్త 1670లో వ్రాసిన ప్రహసనమున కొత్తగా డబ్బుచేసిన ఒక వర్తకుడు ఇట్టి బట్టతో అంగీ కుట్టించుకొని, గొప్పవారందఱును ప్రొద్దున ఇట్లే యుందురట యని మురిసిపోవును. చేతిసంచిపై కంపెనీ ముద్ర పైకి కనబడునట్లు పట్టుకొనువారు ఈనాడును కలరు గదా.

ఈ బట్టలో అంత వింత యేమి? ఉతికినను రంగు పోకుండుట. ఆ కాలపు ఐరోపా వారికి నూలుబట్టపై నిలుచు రంగు వేయుట చేతకాదు. మనవారి పద్ధతి మిక్కిలి ఓపికతో గూడినది. కోరాబట్టను పేడనీట నానవేసి, పాఱుచున్న కాలువలో ఉతికి, ఎండలో పరచి తెల్లబఱతురు. పిమ్మట కరక్కాయపొడియు గేదెపాలును కలిపిన నీట తడిపి ఆరబెట్టుదురు. పాలలోని క్రొవ్వుచేత రంగు గీతదాటి ప్రాకదు. ఇనుపతుప్పును బెల్లమును పులియబెట్టిన కసీముతో గీసినచో కరక్కాయతో కలిసి అది నల్లనగును. ఎఱ్ఱగా కావలసినచోట పటికనీటిని మాత్రము పూయుదురు. అప్పటికి బట్టపై ఎఱుపు అన్నమాటయే యుండదు. దానిని చిరివేరుతో కాచినప్పుడు పటిక తగిలినచోటనే ఎఱుపు పట్టుకొనును, మిగిలినది ఉదుకులలో పోవును. నీలము వేయుటకు, నీలము అక్కఱలేని భాగమునంతటికిని మైనము పూసి నీలిమందు తొట్టిలో ముంచవలెను. కృష్ణా ముఖద్వారపు ఇసుక నేలలలో పెరిగిన చిరివేరు శ్రేష్ఠమని పేరు. నిజాంపట్నము దానికి ప్రసిద్ధి. ఆ ఎఱుపు ఆ నేలనుండి వచ్చినదే.

బట్ట ఫ్రాన్సున ఎంతగా అమ్మెనో, అంతగా అచ్చటి పట్టు, ఉన్ని నేతగాండ్రు మొఱపెట్టుకొనిరి. 1686 అక్టోబరు 26న రాజశాసనము వెలువడెను. హిందూదేశపు అద్దకములను దిగుమతి చేయరాదు. ఫ్రాన్సులో వానికి నకలు అచ్చొత్తరాదు. తరువాత ధరించుట కూడ నిషేధమయ్యెను. వీథిలో కట్టుకొని కనబడిన స్త్రీల దుస్తులను చించివేయుటయు, దొంగసరుకు తెచ్చినవారిని ఓడలలో తెడ్లు వేయు శిక్షకు పంపుటయు జరిగెను. ఇట్లు డెబ్బదిమూడేండ్లు సాగెను. ప్రయోజనము? రాజు ఆప్తురాలు పాంపదూరు దొరసాని తన భవనమునందే ఈ బట్టలతో అలంకారము చేయించెను. పైనున్నవారు పాటింపని చట్టమును క్రిందివారు పాటింతురా? నేను ఉద్యోగములో నుండగా వచ్చిన ఆజ్ఞాపత్రములు కొన్ని జ్ఞప్తికి వచ్చుచున్నవి. ఆ సంగతి ఇచ్చట వలదు.

నిషేధకాలమున ఫ్రెంచివారు ఊరకుండలేదు. రహస్యము తెలిసికొనుటకు పూనుకొనిరి. 1734 ప్రాంతమున బోలియో అను నౌకాధికారి పుదుచ్చేరిలో అద్దకపుపనిని చూచి, ప్రతి దశలోను బట్టముక్క కత్తిరించి తన వ్రాతప్రతికి అతికించి పంపెను. 1742లో క్యూర్దూ అను జెస్యూటు పాదిరి ఇంకను వివరముగా లేఖ వ్రాసెను. ఈ క్యూర్దూ మనకు పరాయివాడు కాడు. తెలుగుసీమలో మతకార్యము చేసి, తెలుగు చక్కగా నేర్చి, తెలుగు ఫ్రెంచి సంస్కృత నిఘంటువు కూర్చినవాడు; 1779లో పుదుచ్చేరిలో మృతినొందెను. తన మతమున చేరిన అద్దకపువారిని అడిగి పద్ధతినంతయు వ్రాసికొంటినని అతడే చెప్పెను. అతని లేఖ ప్యారిస్‌లో అచ్చయ్యెను. దానిని చదివిన ఐరోపా రంగులవారికి పనివాని వాకిటికి వచ్చి కూర్చొన్నంత తెలిసెను.

నేను జీవితమంతయు చిట్టాలు వ్రాసినవాడను గావున ఇచ్చట ఒకమాట చెప్పక ఉండలేను. చిట్టాలో సరుకు పేరుండును, కొలత యుండును, ధర యుండును, కొన్నవాని పేరుండును. చేసినవాని పేరుండదు. క్యూర్దూ పేరున్నది, బోలియో పేరున్నది. వారికి నేర్పిన మన అద్దకపువాని పేరు ఏ కాగితమునను లేదు.

1759 విచిత్రమైన సంవత్సరము. ఏప్రిలులో కర్నలు ఫోర్డు మచిలీపట్నపు కోటను ఫ్రెంచివారినుండి గెలుచుకొనెను. ఉత్తర సర్కారులలో బుస్సీ సంపాదించిన అధికారము దానితో ముగిసెను. అదే సంవత్సరము సెప్టెంబరున ఫ్రాన్సులో అద్దకపు నిషేధము తొలగెను. దొంగవ్యాపారము ఆగకపోవుటయు, మొరెల్లే వంటి పండితులు నిషేధము దేశమునకే నష్టమని వ్రాయుటయు దానికి కారణములు. మన రేవు చేజారిన సంవత్సరముననే మన పనిని తమ యింట చేసికొనుటకు వారికి అనుమతి దొరకెను.

మఱుసటి యేడే, 1760లో, ఓబర్‌కాంఫ్ అను ఇరువదిరెండేండ్ల జర్మను యువకుడు వెర్సాయికి సమీపమున జూయీ అను గ్రామమున, బియెవ్రు ఏటి యొడ్డున, అద్దకపు కర్మాగారము పెట్టెను. ఉతుకుటకు ఏఱు, ఆరవేయుటకు పచ్చికబయలు. పెడన కాలువగట్టున చూచునదే అచ్చటను. చిరివేరు లేదు గనుక మంజిష్ఠజాతి వేరు వాడిరి. కలము బదులు కొయ్య అచ్చులు, 1770లో రాగి పలకలు, 1797లో రాగి ఉరుళ్లు వచ్చెను. 1783లో రాజాదరణ లభించెను; 1806లో నెపోలియను అతనికి బిరుదపతకము నిచ్చెను. కర్మాగారము 1843లో మూతపడినను ‘త్వాల్ ద జూయీ’ యను పేరు చావలేదు. ప్యారిస్ భూగర్భ రైలులో ఓబర్‌కాంఫ్ పేర ఒక స్టేషనే కలదు.

మన వైపు కథ ఇంత సుఖముగా సాగలేదు. యంత్రపుబట్ట వచ్చి ధర పడగొట్టెను. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో బందరు ప్రాంతమున ముప్పదివేలమంది మరణించిరి. ఆ పట్టణము మఱల పూర్వస్థితికి రాలేదు. అద్దకము పెడనలో నిలిచినది; టేకు అచ్చులతో నేటికిని ఒత్తుచున్నారు. కాని రసాయనపు రంగులును తెరముద్రణమును దానినే వెనుకకు నెట్టుచున్నవి.

కాబట్టి ప్యారిస్‌కు పోవు మన పిల్లలకు నా సలహా యిది. తోలుసంచి కొన్నను సరే, కొనకున్నను సరే. జూయీ గ్రామమున ఆ బట్టల సంగ్రహాలయము కలదు, దానిని చూడవలెను. తెల్లని నేలపై ఒకే రంగున గొల్లపిల్లలు, గొఱ్ఱెలు గల గుడ్డ అందఱును ఎరుగుదురు. అది రాగిపలక పని, వారి సొంత ఊహ. మనకు సంబంధించినవి దానిపక్కన నుండు పువ్వుల గుడ్డలు. దక్షిణమున ప్రొవాన్సు సీమకు పోవువారు తరస్కాఁ పట్టణమున సులెయాదో అను దుకాణము నడుగవలెను. చిన్న మామిడిపిందె ఆకారపు పువ్వులు గల బట్టలను అచ్చట నేటికిని ఆఁదియెన్ అనియే అమ్ముదురు. తూర్పున మ్యులూజ్ నగరమునను అద్దకపు బట్టల సంగ్రహాలయము కలదు. ఆ ఊరు అప్పుడు ఫ్రాన్సు రాజ్యమున లేదు గనుక 1746లోనే నిర్భయముగా అచ్చొత్తనారంభించెను. చేతి అచ్చుకును యంత్రపు అచ్చుకును భేదము కనిపెట్టుట కష్టము కాదు. ఒక అచ్చు ముగిసి మఱియొకటి మొదలగుచోట వెండ్రుకవాసి ఎడముగాని, ఒకదానిపై నొకటి ఎక్కుటగాని కనబడును. ఆ తప్పు లేనిచో అది చేతిపని కాదు, ధర తగ్గించి అడుగవచ్చును. దిండుగలీబో చేతిరుమాలో అయినచో పెట్టెలో బరువు కాదు.

పోవునప్పుడు వట్టిచేతులతో పోవుట మన మర్యాద కాదు గనుక, అచ్చటివారి కిచ్చుటకు పెడన అద్దకపు బట్ట యొకటి కొనిపోవచ్చును. పెడన మచిలీపట్నమునకు పది కిలోమీటర్ల దూరమున, గుడివాడ రైలుమార్గముపై నున్నది. అచ్చులు చెక్కువారును అద్దువారును ఊరిలోనే యున్నారు. పేరు అడిగిన చెప్పుదురు.